దారి కంటే ముందు మనుషులు

ఈ పూట ఇంకా తీయని ఒక సినిమా గురించి మాట్లాడుకుందాం. కొండదారుల్లో, అడవి అంచుల్లో, సముద్రతీరం వెంట స్కేట్‌బోర్డు మీద సాగిపోయే సాహసయాత్ర. దాన్ని తీసేవాళ్లకు ఒక మంచి కోరిక ఉంది. ఇందులో కుర్రాళ్లతో పాటు అమ్మాయిలు ఉండాలి. వయసు మళ్లినవాళ్లు ఉండాలి. చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లు, చూపు లేనివాళ్లు ఉండాలి. అందరూ కలిసి ప్రయాణం చేయాలి. మరి పని ఎక్కడ మొదలుపెట్టాలి? మామూలుగా అయితే ముందు దారి వెతుకుతారు. డ్రోన్ ఎగరేస్తే కళ్లు చెదిరే మలుపులు, పక్కన లోయ, పైన మబ్బులు. అలాంటి చోటు దొరకగానే సగం సినిమా అయిపోయిందనుకుంటారు. తర్వాత ఆ వాలులో దిగగల మొనగాళ్లను పోగుచేస్తారు. చిట్టచివర్న, అందరికీ చోటివ్వాలన్న మాట గుర్తొస్తుంది. అప్పుడు చక్రాల కుర్చీలో ఉన్న ఒకరిని పిలిపించి, కొండ కింద ఉంచి, దిగొచ్చేవాళ్లకు చప్పట్లు కొట్టిస్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఆ వరస తిరగెయ్యాలి. ముందు మనుషులు, తర్వాత దారి. ఆ దారిని కూడా ఆ మనుషులే ఎంచుకోవాలి.

పెళ్లి భోజనాలు తలుచుకోండి. పంక్తిలో నేల మీద విస్తళ్లు వేస్తారు. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేని పెద్దావిడ ఒకరు వస్తారు. విస్తళ్లు వేయకముందే ఆవిడ సంగతి తలిచిన ఇంట్లో, అదే వరసలో ఒక బల్లా కుర్చీ పడతాయి. పప్పు వడ్డించే చెయ్యి ఆవిడ దగ్గరికీ వస్తుంది. పక్కవాళ్లతో కబుర్లాడుతూ తింటారు. వడ్డన మొదలయ్యాక తలిచిన ఇంట్లో, ఆవిడకు లోపలి గదిలో కంచం పెట్టిస్తారు. కూరలు అవే. ఆప్యాయతా అంతే ఉండొచ్చు. కానీ ఆవిడ పంక్తిలో లేరు. మన సినిమాలో విస్తరి వేయడమంటే దారి ఖరారు చేయడమే. దారి ఖరారైపోయాక పిలిచినవాళ్లకు దక్కేది లోపలి గదే. ఆ తర్వాత కెమెరా ఎంత ప్రేమగా చూపించినా వాళ్లు ప్రయాణికులవరు, చూడవచ్చినవాళ్లవుతారు.

ఇప్పుడు ఆ బోర్డు సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. పల్చటి చెక్క పొరలు అతికించిన పలక. కింద రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. వీధుల్లో, పార్కుల్లో ఆడే బోర్డు చక్రం అడ్డంగా కొలిస్తే 5 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. రాయిలా గట్టిగా ఉంటుంది. దూరాలు తిరిగే లాంగ్‌బోర్డుకు 7 సెంటీమీటర్ల చక్రం, కొంచెం మెత్తగా ఉంటుంది. ఒకప్పుడు మట్టి కలిపి చేసిన చక్రాలు వాడేవాళ్లు. చిన్న గులకరాయి తగిలితే చాలు, బోర్డు అక్కడే ఆగిపోయేది, మనిషి మాత్రం ముందుకు పోయేవాడు. 1970ల మొదట్లో అమెరికాలో ఫ్రాంక్ నాస్వర్తీ పాలియురెథేన్ చక్రాలను ఈ ఆటకు తెచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. తగ్గింది గానీ పోలేదు. ఈ నాటికీ బోర్డుకు శత్రువులు అవే. కంకర, ఇసుక, తారులో పగులు, వంతెన దగ్గర ఇనుప సందు. శ్రోతలారా, ఇదే జాబితాను చక్రాల కుర్చీ వాడేవాళ్లకు వినిపించండి. కుర్చీ ముందున్న చిన్న చక్రాలకు శత్రువులెవరని అడగండి. కంకర, ఇసుక, పగులు, ఇనుప సందు అనే చెప్తారు. రెండింటికీ కావలసింది ఒకే రకం నేల. పర్వతారోహణ సినిమాకు లేని సౌకర్యం ఈ సినిమాకు పుట్టుకతోనే ఉంది. బోర్డు పోగల నునుపైన దారి మీద కుర్చీ కూడా పోగలదు. వాలు ఎంత, ఆగే చోటు ఎక్కడ అన్నవే మిగిలిన ప్రశ్నలు. వాటికి జవాబులున్నాయి.

నేను ఊహ మీద మాట్లాడటం లేదు. అమెరికాలో లాస్ వేగస్ ప్రాంతానికి చెందిన ఆరన్ ఫాదరింగ్‌హామ్ వెన్నెముక లోపంతో పుట్టాడు. చక్రాల కుర్చీ వాడతాడు. స్కేటర్ల కోసం కట్టిన పార్కుల్లోనే కుర్చీతో ఆడటం మొదలుపెట్టాడు. 2006లో, 14 ఏళ్ల వయసులో, కుర్చీతో సహా గాలిలో వెనక్కి పల్టీ కొట్టి నేల మీద దిగాడు. ఇప్పుడు కుర్చీతో ఆడే ఈ ఆటకు ఒక పేరు, పోటీలు ఉన్నాయి, ఆడే పిల్లలు ఉన్నారు. మిషిగన్ రాష్ట్రంలో డాన్ మాన్సినా అని మరో స్కేటర్ ఉన్నాడు. రెటీనా జబ్బుతో చూపు పోయింది. చేతికర్రతో అంచు వెతుక్కుంటాడు. కాలి కింద నేల తీరునీ చక్రాల చప్పుడునీ పట్టుకుని ఆడతాడు. వీళ్లిద్దరికీ ఎవరో జాలిపడి చోటివ్వలేదు. నేల వాళ్లకు అనువుగా ఉంది, వాళ్లు వచ్చి ఆడారు. నేల అనువుగా ఉంటే మనుషులు వస్తారు. ఈ మాట మళ్లీ మళ్లీ చెప్పుకోవలసిన మాట.

ఆడపిల్లల విషయంలో కూడా ఇదే కనిపిస్తుంది. 2007లో అఫ్గానిస్తాన్‌లోని కాబూల్‌లో స్కేటిస్తాన్ అనే సంస్థ మొదలైంది. అక్కడ ఆడపిల్ల సైకిలెక్కితే తప్పుపట్టేవాళ్లున్నారు. స్కేట్‌బోర్డు మాత్రం అప్పటిదాకా ఎవరూ ఎరగని వస్తువు. అది మగవాళ్లదన్న ముద్ర ఇంకా పడలేదు. ఆ సందులోంచి అమ్మాయిలు వచ్చారు. వాళ్లను ఇంటి నుంచి తెచ్చి దింపే బండి పెట్టారు. నేర్పడానికి ఆడ టీచర్లను పెట్టారు. బోర్డుతో పాటు చదువు చెప్పారు. ఆ తరగతి గది మీద కరోల్ డైసింగర్ తీసిన చిన్న డాక్యుమెంటరీకి 2020లో ఆస్కార్ వచ్చింది. చూసినవాళ్లకు ఆ పిల్లల ధైర్యం గుర్తుంటుంది. నా లెక్కలో ఆ బండికీ, ఆ టీచర్లకూ అంతే విలువ ఉంది. అవి లేకపోతే ఆ ధైర్యం ఇంటి గడప దాటేది కాదు. 2021లో పాలన మారాక అక్కడ ఆడపిల్లల ఆటలకే తలుపులు మూసుకుపోయాయి. దారి మూస్తే ఏమవుతుందో అదీ చూశాం. ఇటు స్పెయిన్‌లో 2010లో మాడ్రిడ్ నగరంలో లాంగ్‌బోర్డ్ గర్ల్స్ క్రూ మొదలైంది. హువాన్ రాయోస్ అనే దర్శకుడు వాళ్లతో కొండదారుల మీద చిత్రాలు తీశాడు. 2012లో వచ్చిన 'ఎండ్‌లెస్ రోడ్స్'లో అమ్మాయిల బృందం ఒకటి స్పెయిన్ దేశం చుట్టుకుంటూ బోర్డుల మీద పోతుంది. అందులో మగవాడి వెనక వచ్చే అమ్మాయి అంటూ ఎవరూ లేరు. దారీ వాళ్లదే, ప్రయాణమూ వాళ్లదే.

మన దేశంలోనూ ఉదాహరణలున్నాయి. మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర జన్వార్ అనే చిన్న పల్లె. 2015లో అక్కడ ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ చొరవతో స్కేట్ పార్కు కట్టారు. రెండు నియమాలు పెట్టారు. బడికి పోనివాళ్లకు బోర్డు లేదు. బోర్డు అందేది ముందు ఆడపిల్లలకు. ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్జింగ్‌లో ప్రపంచ పోటీలకు వెళ్లింది. ఇంకొకటి, మంజరి మాకిజానీ తీసిన 'స్కేటర్ గర్ల్'. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. కథ నడిచేది రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గరి ఖేంపూర్ గ్రామంలో. ఆ సినిమా కోసం నిజమైన స్కేట్ పార్కే కట్టారు. షూటింగ్ అయిపోయాక కూలగొట్టలేదు. ఊరివాళ్లకే వదిలేశారు. సెట్టు వేసి పీకేస్తే ఖర్చు ఖర్చే. నిలిచేలా కడితే అదే ఖర్చు ఊళ్లో పిల్లలకు నేలగా మిగిలింది.

ఇక మన వైపు కొండదారులకు వద్దాం. అనంతగిరి మీదుగా అరకుకు పోయే రోడ్డో, నల్లమలలో శ్రీశైలం ఘాట్ రోడ్డో ఎవరికైనా మనసులో మెదులుతుంది. కాస్త లెక్క చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొండ రోడ్లకు చెప్పే మామూలు వాలు 20 అడుగులకు ఒక అడుగు. తప్పనిసరైన చోట కొంచెం ఎక్కువ. ఆసుపత్రి ముందు, బడి ముందు చక్రాల కుర్చీ కోసం కట్టే ర్యాంపుకు ఒప్పుకునే వాలు 12 అడుగులకు ఒక అడుగు. అంటే కాగితం మీద ఘాట్ రోడ్డే మెల్లగా వాలుతుంది. అయితే ఇక్కడే జాగ్రత్త కావాలి. ర్యాంపు కొన్ని గజాల్లో అయిపోతుంది. మధ్యలో ఆగడానికి చదునైన జాగా ఉంటుంది. ఘాట్ రోడ్డు మైళ్ల కొద్దీ వాలుతూనే ఉంటుంది. కుర్చీ చక్రాన్ని అరచేతులతో అదిమి వేగం ఆపాలంటే చేతులు కాలిపోతాయి. లాంగ్‌బోర్డు మీద దిగేవాళ్లకూ ఇదే బాధ. అందుకే వాళ్లు అరచేతిలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల అతికించిన తోలు చేతొడుగులు వేసుకుంటారు. మలుపులో ఒంగి, ఆ బిళ్లను రోడ్డుకు ఆనించి, బోర్డును అడ్డంగా జార్చి వేగం తగ్గిస్తారు. కుర్చీకి మంచి బ్రేకు బిగించాలి. చేతులకు తోలు తొడుగులు ఇవ్వాలి. వాలు మొత్తం ఒకే బిగిన దిగకుండా ముక్కలు చేయాలి. ఎక్కడ ముక్క చేయాలో ఎవరు చెప్పాలి? కుర్చీలో దిగబోయే మనిషి చెప్పాలి. అందుకే దారి చూడటానికి పోయే మొదటి జీపులోనే ఆ మనిషి ఉండాలి. దర్శకుడు, కెమెరామన్ చూసొచ్చి ఫొటోలు చూపిస్తే సరిపోదు. ఫొటోలో గులకరాయి కనపడదు. రోడ్డుపక్క మరుగుదొడ్డి ఉందో లేదో కనపడదు. తలుపు ఎంత వెడల్పో, నీడ ఎక్కడుందో కనపడదు. జీపులో ఒక ఆడమనిషి ఉంటే మరుగుదొడ్డి మాట మొదటి గంటలోనే వస్తుంది. లేకపోతే షూటింగ్ మూడో రోజు వస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. న్యాయమైన ఆక్షేపణే. సాహసమంటేనే అందరూ చేయలేనిది కదా, అందరికీ సరిపడే దారి పెడితే ఇంక సాహసమేముంది, చూసేవాళ్లకు గుండె ఎందుకు కొట్టుకుంటుంది అంటారు. దీనికి జవాబు నార్వే నుంచి చెప్తాను. 2015లో యోర్న్ నీసెత్ రానుమ్ 'నార్త్‌బౌండ్' అనే చిన్న చిత్రం తీశాడు. కొందరు స్కేటర్లు ఉత్తరాన గడ్డకట్టే చలిలో సముద్రతీరానికి పోతారు. అక్కడ ఇసుక చలికి బిగుసుకుని సిమెంటులా గట్టిపడి ఉంటుంది. దాని మీద బోర్డు నడుపుతారు. పెద్ద లోయ లేదు. తల తిరిగే వేగం లేదు. ఇసుక మీద చక్రం తిరగడమే అద్భుతం. ప్రపంచమంతా ఆ చిత్రం చూసింది ఆ నేల కోసం. సాహసానికి ప్రాణం తెలియని నేలలో ఉంటుంది. ప్రమాదం దానికి ఒక పాలు మాత్రమే. ఒక వీరుడు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దిగడం మనం చాలాసార్లు చూశాం. చూపులేని మనిషి చక్రాల చప్పుడు మారడాన్ని బట్టి మలుపు వచ్చిందని పసిగట్టి ఒంగడం ఎంతమందిమి చూశాం? గుండె ఎక్కడ ఎక్కువ కొట్టుకుంటుందో మీరే ఆలోచించండి. ఒక్క మాట ఒప్పుకోవాలి. కొన్ని వాలులు నిజంగానే కొద్దిమందికే సాధ్యం. వాటిని సినిమాలోంచి తీసేయమని నేననను. అవి ఉండనివ్వండి. సినిమా మొత్తం వాటి మీద ఆనుకోకూడదు, అంతే.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది. వికలాంగుల సంఘాలే ఎన్నో ఏళ్లుగా చెప్తున్న మాట ఇది. మమ్మల్ని చూపించి మీరు కళ్లు తుడుచుకుంటారు, మీకు స్ఫూర్తి, మాకు ఏమిటి అంటారు. నిజమే. ఆ తప్పు జరిగేది ఎక్కువగా కెమెరా ఎత్తు దగ్గరా, ఎడిటింగ్ బల్ల దగ్గరా. నిలబడ్డ మనిషి భుజం మీంచి కెమెరా కిందికి చూస్తే, కుర్చీలో ఉన్నవాళ్లు చిన్నబోయి కనిపిస్తారు. స్కేట్ సినిమాలకు ఈ విషయంలో మంచి సంప్రదాయం ఉంది. కెమెరా పట్టుకున్న మనిషి తనూ బోర్డు మీదే ఉంటాడు. పిడి పట్టుకుని, కెమెరాను నేలకు జానెడెత్తులో పెట్టి, ఆటగాడి పక్కనే దూసుకుపోతాడు. 'మైండింగ్ ది గ్యాప్' అనే డాక్యుమెంటరీ తీసిన బింగ్ లియు అలాగే స్నేహితుల వెంట బోర్డు మీద పోతూ తీశాడు. ఆ ఎత్తులో తీస్తే కుర్చీ చక్రం, బోర్డు చక్రం పక్కపక్కన సమానంగా తిరుగుతాయి. ఇక ఎడిటింగ్‌లో, కుర్చీలో ఉన్న మనిషి రాగానే వెనక విషాద సంగీతం మొదలవకుండా చూడాలి. వాళ్లు పడటం ఉంచాలి. విసుక్కోవడం ఉంచాలి. ఒకరినొకరు ఆటపట్టించుకోవడం ఉంచాలి. మిగతావాళ్లకు ఉంచినవన్నీ వాళ్లకూ ఉంచాలి. మిగతావాళ్లకు ఎంత డబ్బిస్తే వాళ్లకూ అంతే ఇవ్వాలి. ఫైనల్ కట్ చూసి, ఈ ముక్క బాగాలేదు తీసేయండి అనే హక్కు ఉండాలి.

ఖర్చు మాట కూడా వస్తుంది. ముందే తలిస్తే ఖర్చు తక్కువ. ర్యాంపున్న బండి ఒకటి, విడిది దగ్గర వెడల్పు తలుపున్న గది ఒకటి, సైగల భాష తెలిసిన మనిషి ఒకరు, షూటింగ్ రోజుల మధ్య ఒక విరామం రోజు. ఇవి ముందే బడ్జెట్‌లో రాసుకుంటే భరించగలిగినవే. ఆఖరి నిమిషంలో వెతికితే మూడింతలు. ఆ మాటకొస్తే డ్రోన్ అద్దె ఎంతో, హీరో కారవాన్ అద్దె ఎంతో సినిమావాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మనం అడవి అంటున్నది ఇంకొకరికి ఇల్లు. నల్లమలలో చెంచులున్నారు. అరకు కొండల్లో ఎన్నో ఆదివాసీ తెగలున్నాయి. అందరికీ చోటున్న సినిమా అని చెప్పి, ఆ దారి పక్కన బతికేవాళ్లను రెండు సెకన్లు నవ్వుతూ చూపించి పోతే, పంక్తిలో మళ్లీ అదే తప్పు చేసినట్టే. ఈ సారి ఇంటివాళ్లనే లోపలికి పంపేశాం. ఎక్కడ షూటింగ్ పెట్టాలి, ఏ చోటు వాళ్లకు పవిత్రం, ఏ రోజుల్లో అటు రాకూడదు అన్నది వాళ్లను అడగాలి. వాళ్ల పిల్లలకు బోర్డు ఇచ్చి చూడాలి. జన్వార్ పిల్లలు ఏం చేశారో విన్నారు కదా. అడవి జంతువుల మాట కూడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో చిత్రీకరణకు అటవీ శాఖ అనుమతి కావాలి. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రిపూట రోడ్డు మీద రాకపోకలే ఆపుతారు. అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో కేటాయించిన చోట తప్ప స్కేట్‌బోర్డు నడపడమే నిషేధం. ఈ ఆంక్షలు సినిమాకు అడ్డమని విసుక్కునేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. పులి దారి వదిలేసి, అడవి బయట పాత రోడ్డు ఒకటి వెతుక్కుంటే, బళ్లు తిరగని ఆ రోడ్డు మీదే కుర్చీకీ బోర్డుకీ ఎక్కువ భద్రత. బస్సులూ లారీలూ తిరిగే ఘాట్ రోడ్డు మీద పోలీసుల అనుమతి లేకుండా బోర్డు దించకండి. ఏ సినిమా కోసమూ ఆ పని చేయకండి.

చివరగా, ఈ సినిమాను చూడబోయేవాళ్ల మాట. తెర మీద చూపులేని మనిషిని చూపించి, చూపులేని ప్రేక్షకుడికి ఏమీ అందకపోతే అదేం న్యాయం? రేడియో వినే మనకు ఈ విషయం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆట చూడకుండానే వ్యాఖ్యానం విని మైదానమంతా కళ్ల ముందు కట్టించుకున్నవాళ్లం. సినిమాకు అలాంటి వర్ణన చేర్చడాన్ని ఆడియో డిస్క్రిప్షన్ అంటారు. మాటల మధ్య ఖాళీల్లో, తెర మీద జరిగేది ఒక గొంతు చెప్తుంది. వినపడనివాళ్లకు తెర కింద అక్షరాలు, చప్పుళ్ల వివరంతో సహా రావాలి. 2023 జనవరిలో 'పఠాన్' సినిమా విషయంలో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి ఏర్పాట్లు చేయమని చెప్పింది. 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ సినిమా హాళ్ల ప్రదర్శనలకు మార్గదర్శకాలే ఇచ్చింది. అయితే వర్ణనకు ఖాళీ కావాలి. మొదటి నుంచి చివరిదాకా డప్పులు, గిటార్లు మోగిస్తే ఆ గొంతుకు చోటెక్కడ? స్కేట్‌బోర్డు సినిమాకు సొంత సంగీతం ఉండనే ఉంది. నున్నటి తారు మీద చక్రం సన్నగా ఈలలా సాగుతుంది. గరుకు రోడ్డెక్కగానే గరగరమంటుంది. వంతెన సందు దాటితే టకటకమని రెండు దెబ్బలు. బోర్డు అడ్డంగా జారితే ఒళ్లు జలదరించే కీచు. ఇరుసు దగ్గర ఒక చిన్న మైకు కట్టి ఇవన్నీ పట్టుకోండి. సంగీత దర్శకుడికి ముందే చెప్పి, ఈ చప్పుళ్లకు జాగా విడిచి పాట కట్టించండి. వర్ణన రాసేవాళ్లను స్క్రిప్టు రోజుల్లోనే పిలవండి. ఎడిటింగ్ ముగిసిందని చెప్పడానికి ఒక నెల ముందు, చూపులేనివాళ్లు పదిమందిని, వినపడనివాళ్లు పదిమందిని కూర్చోబెట్టి సినిమా వేయండి. ఎక్కడ దారి తప్పామని వాళ్లంటారో అక్కడ కత్తిరించండి, కలపండి. ఆ నెల రోజుల ఖర్చు బడ్జెట్‌లో మొదటి పేజీలోనే రాసి పెట్టుకోండి.